లంక నుంచి నాతో వచ్చిన జ్వరం

మా ఊరి నుంచి ఈ ఏడు ఇద్దరు కుర్రాళ్లు మిలటరీకి ఎంపికయ్యారు. అందులో ఒకడి తల్లి నాకు వరసకు పిన్ని. నేను సెలవు మీద వచ్చానని తెలిసి మొన్న మా ఇంటికి వచ్చింది. అరుగు మీద కూర్చుని, చేటలో కందులు బాగుచేస్తూ, తల ఎత్తకుండానే అడిగింది.

“కోటీ, నీకు అసలేమైంది రా? ఊళ్లో తలా ఒకటి చెబుతున్నారు. గాలి సోకిందని ఒకళ్లు, బుర్ర చెడిందని ఒకళ్లు. మావాడికి కూడా అట్టానే అయిద్దా ఏంది?”

“మలేరియా జ్వరం పిన్నీ,” అన్నాను.

అది నిజమే, కానీ సగమే. మిగతా సగం చెప్పడానికి ఆ పూట నాకు నోరు రాలేదు. ఆమె వెళ్లాక, రాస్తే కుదురుతుందేమో అనిపించి కూర్చున్నాను. నేను డాక్టరును కాను. నా ఒంట్లో ఏం జరిగిందో, నా చుట్టూ ఉన్నవాళ్లు ఏం పడ్డారో, అంతవరకే నాకు తెలుసు. ఆ ఇద్దరు కుర్రాళ్ల ఇళ్లల్లో ఎవరికైనా పనికొస్తే మంచిదే.

1984

మాది గురజాల దగ్గర పల్లె. నాన్న సుబ్బయ్య మిరప, పత్తి వేస్తాడు. నేను ఒక్కడినే కొడుకుని. ఇంటర్ తప్పి, మోటార్లు బాగుచేసే షాపులో పని నేర్చుకుంటున్నాను. పిడుగురాళ్లలో సొంతంగా షాపు పెట్టుకోవాలని నా ఆలోచన.

ఊళ్లో అప్పటికి రెండు పార్టీలు. పండక్కో, పంచాయతీ ఎన్నికలకో మొదలైన గొడవ ఆగేది కాదు. గడ్డివాముల్లో నాటు బాంబులు దాచేవాళ్లు. నాతో చదివిన వాడొకడికి వాటివల్లే చెయ్యి పోయింది. వాడిని చూసి వచ్చిన మర్నాడు నాన్న నన్ను తెల్లవారుజామున లేపి, మంచి చొక్కా వేసుకోమని, గుంటూరు బస్సెక్కించాడు. దిగాక గానీ తెలియలేదు, అక్కడ మిలటరీ వాళ్లు మనుషుల్ని తీసుకుంటున్నారని. పరుగెత్తమంటే పరుగెత్తాను. ఛాతీ కొలిచారు. ఎంపికయ్యాను.

“ఊళ్లో ఉంటే ఏదో ఒక పార్టీలో కలుస్తాడు. అక్కడైతే బతికి బట్టకడతాడు,” అని నాన్న అమ్మతో అన్నాడు. అమ్మ ఏడ్చింది. నన్ను మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు. ఆ రోజుల్లో మా ఇంట్లో అడగడం అనేది లేదు కాబట్టి నాకూ అది వింతగా అనిపించలేదు.

1987 చివర, 1988 వేసవి

1987 చివర్లో మా బెటాలియన్‌ను శ్రీలంక పంపారు. శాంతి కాపాడటానికి వెళ్తున్నామన్నారు. దిగిన కొన్నాళ్లకే మా పని వేరని, అక్కడి తమిళ మిలిటెంట్లతో పోరాడటమని అర్థమైంది. ఉత్తరాన, అడవి అంచున మా క్యాంపు. తాటిచెట్లు, ఇసుక దారులు, పెంకుటిళ్లు. మొదటిసారి చూసినప్పుడు బాపట్ల వైపు ఏదో ఊరికి వచ్చినట్టనిపించింది.

నాకు జోడీగా పెట్టింది మారిముత్తును. తిరునల్వేలి వైపు అబ్బాయి. అతనికి తెలుగు రాదు, నాకు తమిళం రాదు. మిలటరీలో నేర్చిన హిందీలో మాట్లాడుకునేవాళ్లం. లంకలో ఊళ్లమీదుగా పోతుంటే ముసలమ్మలు మమ్మల్ని చూసి తమిళంలో ఏదో అనేవాళ్లు. ఏమంటున్నారని అడిగితే “అన్నం తిన్నారా అంటున్నారు” అనేవాడు. వాళ్ల మొహాలు చూస్తే అన్నం సంగతిలా ఉండేది కాదు.

అక్కడ మాకు రెండు ఆజ్ఞలు గట్టిగా చెప్పారు. ముందు నడిచేవాడి అడుగులోనే అడుగు వెయ్యాలి, దారి వదిలి పక్కకు పోకూడదు. మందుపాతరలు ఉంటాయి. రెండోది, దారిలో కనపడ్డ బావుల జోలికి పోకూడదు, ఆ నీళ్లను నమ్మడానికి లేదు.

ఒక మధ్యాహ్నం గస్తీలో చాలా దూరం వెళ్లాం. అందరి సీసాల్లోనూ నీళ్లు అయిపోయాయి. దారికి కాస్త ఎడంగా బావి, గిలక, చేద కనపడ్డాయి. మారిముత్తు ఆగాడు. వద్దన్నాను. “ఊరివాళ్లు తాగే బావే కదా, చేదకు తడి ఉంది చూడు,” అన్నాడు. దారి దిగాడు. బావి దాకా వెళ్లలేదు.

ఆ తర్వాతది రాయను. అతన్ని మోసుకుని రోడ్డు దాకా వచ్చాం. అప్పటికే ప్రాణం లేదు. మర్నాడు మళ్లీ గస్తీకి వెళ్లాం. నాకు కొత్త జోడీని ఇచ్చారు. మారిముత్తు గురించి నేను ఎవరితోనూ మాట్లాడలేదు. ఇంటికి రాసే ఉత్తరాల్లో క్షేమం అనే రాశాను.

వేసవిలో జ్వరం మొదలైంది. ముందు నడుం దగ్గర చలి పుట్టి, పళ్లు టకటకలాడేవి. రెండు రగ్గులు కప్పినా ఆగేది కాదు. తర్వాత ఒళ్లు పెనంలా కాలేది. చివరికి చెమట పట్టి, తడిసిన గుడ్డలా పడి ఉండేవాడిని. మాలో సగంమందికి అదే జ్వరం. మందులిచ్చారు, తగ్గింది. మనిషిని సగమయ్యానని ఇంటికి సెలవు ఇచ్చారు. ఓడలో మద్రాసు, రైల్లో గుంటూరు, బస్సులో గురజాల. నాన్న బస్టాండులో నన్ను గుర్తుపట్టక, నా పక్కనుంచే వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చాడు.

1988 వానాకాలం

ఇంట్లో కొన్నాళ్లు బాగానే ఉన్నాను. అమ్మ పెట్టింది తిన్నాను, పగలంతా నిద్రపోయాను. తర్వాత జ్వరం తిరగబెట్టింది.

మా ఊళ్లో వైద్యం చేసే ఆయన వచ్చి నాలుక చూసి టైఫాయిడ్ అన్నాడు. సూదిమందు వేశాడు. నేను ఎక్కడినుంచి వచ్చానో ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. ఈ ఒక్క ముక్క మాత్రం చదివేవాళ్లు గుర్తుపెట్టుకోవాలి. అడవుల్లో తిరిగి వచ్చిన మనిషికి జ్వరం వస్తే, డాక్టరు అడిగినా అడక్కపోయినా, ఎక్కడ తిరిగి వచ్చాడో ముందు చెప్పండి. రక్తం పరీక్ష చెయ్యమనండి. మేం ఆ పని చెయ్యక ఆలస్యం చేశాం. మా అత్త వచ్చి దిష్టి తీసింది. ఎవరో తాయెత్తు తెచ్చారు. అమ్మ అది కూడా కట్టింది.

ఒక రోజు పొద్దున నేను లేవలేదు. కళ్లు తెరిచే ఉన్నాయట, ఎవరినీ పోల్చుకోలేదట. ఇక్కడినుంచి కొంతవరకు నాకు గుర్తున్నది కాదు, అమ్మ చెప్పింది. అద్దె జీపులో నరసరావుపేట తీసుకెళ్లారు. దారి పొడవునా నాన్న నా పాదాలు ఒళ్లో పెట్టుకుని గట్టిగా పట్టుకున్నాడట. కుదుపుకు కింద పడతానని కాదు, పాదాలు చల్లబడుతుంటే అలా పట్టుకున్నాడని అమ్మ అంది.

ఆసుపత్రిలో రక్తం చూసి, మలేరియా మెదడుకు ఎక్కిందన్నారు. క్వినైన్ సీసా ఎక్కించారు. ఇంకొంచెం ఆలస్యమైతే ఏమయ్యేదో డాక్టరు చెప్పబోతే అమ్మ చేతులు జోడించి ఆపిందట.

ఆసుపత్రి

అది పొడవాటి వార్డు. రెండు వరసల మంచాలు. మంచాల కింద రోగుల తాలూకు మనుషులు, మూటలు, మరచెంబులు. వరండాలో కూర్చునేవాళ్లు, వరండా చివర కిరసనాయిలు స్టవ్వుల మీద వంటలు. అమ్మ వచ్చిన తొందర్లో చాప కూడా తెచ్చుకోలేదు. ఎదురు మంచం దగ్గరున్న శావల్యాపురం ఆవిడ తన చాపలో సగం ఇచ్చింది. ఆవిడ భర్తకు కడుపులో పుండు. ఆమె పప్పు వండితే అమ్మకు పెట్టేది, అమ్మ అన్నం వండితే ఆమెకు పెట్టేది. పేరు అడగడం ఇద్దరికీ ఆఖరి రోజు దాకా తోచలేదు.

నాన్న లోపలికి వచ్చేవాడు కాదు. మొదటి రోజు అమ్మ అందరి ముందూ అనేసింది.

“ఊళ్లో ఉంటే చస్తాడని పంపావు కదయ్యా. ఇప్పుడు చూడు. కళ్లారా చూడు.”

నాన్న బయటికి పోయాడు. వరండాలో బల్ల మీద కూర్చున్నాడు. మందులు తెమ్మంటే తెచ్చేవాడు, క్యారియరు తెచ్చి గుమ్మం దగ్గర పెట్టేవాడు, మళ్లీ బల్ల మీదకు పోయేవాడు.

నా వల్ల వచ్చిన అసలు చిక్కు నీళ్లు. స్పృహ వచ్చీ రానట్టు ఉండేది. చేతికున్న సూది పీకేస్తున్నానని చేతులు మంచానికి కట్టారు. మాత్రలు మింగించాలి, నీళ్లు పట్టాలి. గ్లాసు నోటి దగ్గరికి వస్తే చాలు, పళ్లు బిగించేవాడినట. హిందీలో అరిచేవాడినట. బలవంతాన పోస్తే ఉమ్మేసేవాడిని. ఒకసారి అమ్మ చేతిలో గ్లాసును మోకాలితో తన్నితే అది ఆమె నుదుటికి తగిలి చీరుకుపోయింది. అమ్మకు హిందీ ఒక్క ముక్క రాదు. కొడుకు తనను తిడుతున్నాడనుకుంది. మంచం కింద కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

నర్సమ్మ కేకలేసింది. “ఏమ్మా, ఎట్టాగైనా తాగించాలి. ఒంట్లో నీళ్లు లేకపోతే మందు ఏం పని చేసిద్ది?”

పక్క మంచంలో మస్తాన్ తాత ఉన్నాడు. మాచర్ల మనిషి, డెబ్బై దాటిన వయసు, ఆయాసంతో చేరాడు. రెండు మాటలు మాట్లాడితే మూడో మాటకు ఊపిరి అందదు. ఆయనే అమ్మను పిలిచాడట.

“అమ్మాయ్, ఏడవబాక. నీ కొడుకు నిన్ను తిట్టటంలా. బావి దగ్గరికి పోబాకండి, నీళ్లు తాగబాకండి అంటన్నాడు. నిన్నటిసంది అదే మాట. మారిముత్తు అని ఎవర్నో పిలస్తన్నాడు.”

“మారిముత్తు ఎవరు తాతా?”

“నాకేం తెలుసు. వాడితో ఉన్నోడయ్యుంటాడు. ఇప్పుడు లేడేమో.”

తర్వాత ఆయన లేచాడు. ఇది మాత్రం నాకు లీలగా గుర్తుంది. ఎవరో ముసలాయన, లుంగీ, బనీను, నా మంచం పక్కన నిటారుగా నిలబడ్డాడు. ఆయాసపడే ఆ మనిషికి అంత గొంతు ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు.

“అటెన్షన్!”

వార్డంతా ఉలిక్కిపడిందట. మాకు ఆ ఆజ్ఞ హిందీలో వచ్చేది. అయినా ఆ గొంతు నా ఒంటికి అర్థమైంది. మంచం మీదే కాళ్లు చేరాయి, కట్లలోనే చేతులు పక్కలకు బిగుసుకున్నాయి. ఆయన అమ్మ చేతిలోంచి గ్లాసు తీసుకుని హిందీలో చెప్పాడు. ఈ నీళ్లు మన నీళ్లు, పై అధికారి చూసి పంపాడు, ముందు నేను తాగుతున్నాను, చూడు. నా కళ్ల ముందే సగం తాగాడు. మిగతా సగం నా నోటికి పెట్టాడు.

తాగాను. మాత్ర కూడా మింగాను. ఆ నీళ్ల రుచి ఏమీ గుర్తులేదు, గొంతు దిగుతుంటే నొప్పి పుట్టడం గుర్తుంది.

ఆ రోజు నుంచి నాకు నీళ్లు పట్టే పని ఆయనదే. ప్రతిసారీ ముందు తను తాగేవాడు. డాక్టరు ఆయన్ని లేవొద్దన్నా వినేవాడు కాదు. “ఇది డ్యూటీ సారూ,” అనేవాడట. నాకు తెలివి వచ్చాక, అక్కర్లేదు తాతా, నేనే తాగుతాను అంటే, గ్లాసు అమ్మకిచ్చి, మంచం మీద వాలి, చాలాసేపు దగ్గాడు.

తెలివి వచ్చాక నన్ను బాధపెట్టింది క్వినైన్ మందు. చెవుల్లో కీచురాళ్లు అరిచినట్టు ఒకటే మోత. ఎవరు మాట్లాడినా బావిలోంచి మాట్లాడినట్టుండేది. నోరంతా చేదు. మస్తాన్ తాత నవ్వాడు.

“మాకైతే పసుప్పచ్చ మాత్రలిచ్చారు. బర్మాలో. ఒళ్లంతా పసుపు రాసుకున్న పెళ్లికొడుకులా తయారయ్యాం అందరం.”

అప్పుడు తెలిసింది, ఆయన పెద్ద యుద్ధంలో బర్మా వెళ్లి వచ్చాడని. ఎలా చేరారు తాతా అని అడిగాను.

“నేను చేరిందేంది? మునసబు ఊళ్లో మనుషుల్ని పంపాల. వాళ్లోళ్లని పంపుతాడా? మా నాయన లేడు, అడిగేవాడు లేడు. నా పేరు చెప్పాడు. లారీ ఎక్కించారు. నన్నెవరు అడిగారు, పోతావా అని?”

“నన్నూ ఎవరూ అడగలేదు తాతా,” అన్నాను.

నాకు ఆయన మీద ప్రేమతో వచ్చిన మాట అది. ఇంకేమీ లేదు. కానీ గుమ్మం దగ్గర క్యారియరు కింద పెట్టిన చప్పుడైంది. చెవుల మోతలోంచి కూడా వినపడింది. తల తిప్పేసరికి నాన్న వీపు కనపడింది. వరండాలోకి వెళ్లిపోతున్నాడు.

మస్తాన్ తాత గుమ్మం వైపు చూశాడు. “విన్నాడు,” అన్నాడు. “పోనీలే. వినాల్సిందే.”

నేను అడిగాను. “మీకు ఎన్నాళ్లకు పోయింది తాతా? జ్వరం కాదు. మిగతాది.”

ఆయనకు అర్థమైంది. ఊపిరి తీసుకుని చెప్పాడు. “పోలేదు. పక్కకు జరిగింది. పెళ్లాం, పిల్లలు, పని, ఇవన్నీ వచ్చి కూర్చోవాలంటే చోటు కావాల కదా. జరిగింది. ఇంటికి పోయి పడుకోబాక. తిరుగు. చానా తిరుగు.”

ఆయన్ని నాకంటే ముందే ఇంటికి పంపారు. కూతురు వచ్చి తీసుకెళ్లింది. వెళ్లేముందు మా అమ్మ ఆయన కాళ్లకు దండం పెట్టబోతే, “ఏందమ్మా ఇది, లే లే” అని తనే సిగ్గుపడ్డాడు.

1989 మొదట్లో

మిలటరీ ఆసుపత్రి వాళ్లు పరీక్ష చేసి సెలవు పొడిగించారు. ఆ తర్వాత నన్ను యుద్ధానికి పంపరని, క్యాంపులో సామాను చూసే పని ఇస్తారని చెప్పారు. ఇంట్లో అందరూ తెరిపిన పడ్డారు. జ్వరం మళ్లీ రాలేదు. చెవుల మోత తగ్గింది. ఒళ్లు చేసింది.

కానీ నేను మట్టి మీద నడవలేకపోయాను.

ఇది చెప్పడం కష్టం. ఇంట్లో నడుస్తాను. గురజాల తారురోడ్డు మీద ఎంత దూరమైనా నడుస్తాను. రోడ్డు దిగి పొలం గట్టు ఎక్కాలంటే కాలు కదలదు. గడ్డి కొత్తగా మొలిచిన చోటు చూస్తే అరికాళ్లు జివ్వుమంటాయి. ఎవరైనా పక్కకు అడుగేస్తే గట్టిగా అరవాలనిపిస్తుంది. ఒకసారి అరిచాను కూడా, మా మేనమామ మీద. ఆయన చెంబు పట్టుకుని చెట్ల వైపు పోతున్నాడంతే. బుర్ర చెడిందన్న మాట ఊళ్లో పుట్టింది అప్పుడే.

మస్తాన్ తాత తిరగమన్నాడు. నేను తిరిగిందల్లా రోడ్డు మీదే.

మిరపకాయ కోతకు వచ్చింది. ఒకరోజు పొద్దున్నే నాన్న నన్ను పొలానికి రమ్మన్నాడు. ఆసుపత్రి నుంచి వచ్చాక మా ఇద్దరి మధ్యా అన్నం తిన్నావా, మందు వేసుకున్నావా తప్ప మాటల్లేవు. వెళ్లాను. రోడ్డు పక్కనే మా చేను. రోడ్డు చివర ఆగిపోయాను. నాన్న గట్టు ఎక్కి, వెనక్కి తిరిగి చూశాడు. ఎండ ఇంకా ఎక్కలేదు. నా ఒళ్లంతా చెమట.

కేకలేస్తాడనుకున్నాను. దిగి వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

“యాడ పెడతారు రా అయ్యి?” అన్నాడు.

నాకు మొదట అర్థం కాలేదు. “ఏంది నాన్నా?”

“అయ్యే. ఆ అబ్బాయి తొక్కింది.”

మారిముత్తు సంగతి నేను ఆయనకు చెప్పలేదు. నా కలవరింతలు విన్న మస్తాన్ తాత వరండాలో చెప్పి ఉండాలి, లేదా ఆయన మాటలు విని అమ్మ చెప్పి ఉండాలి. నేను చెప్పాను. దారి పక్కన పెడతారు, మనిషి కాలు పెట్టడానికి వీలుగా ఉన్న చోట. చెట్టు నీడలో, బావి దగ్గర. మట్టి గుల్లగా ఉంటుంది, లేదా పైన ఆకులు కప్పి ఉంటాయి. నాన్న చేను వైపు చూస్తూ అంతా విన్నాడు. ఎరువుల షాపులో ఏ మందు ఎంత కొట్టాలో అడిగినట్టు, మధ్యమధ్యలో అడిగాడు కూడా.

“చాళ్ల మధ్యన కూడా పెడతారా?”

“పెడతారు.”

“మోటారు కాడ?”

“అక్కడ తప్పకుండా పెడతారు.”

నాన్న చెప్పులు విప్పి రోడ్డు మీద పెట్టాడు. పంచె ఎగగట్టాడు. చేలోకి దిగాడు.

మొదటి చాలు మొదలుకుని నడిచాడు. అడుగు పక్కన అడుగు, మడమ నుంచి వేలి దాకా గట్టిగా తొక్కుతూ. ఆ చివరకు పోయి, పక్క చాల్లో తిరిగి వచ్చాడు. మళ్లీ పోయాడు. కొమ్మలు పంచెకు తగులుకుంటే విడిపించుకుని, మళ్లీ అక్కడినుంచే తొక్కాడు. కోతకు వచ్చిన ఆడవాళ్లు సంచులు పట్టుకుని గట్టు మీద నిలబడిపోయారు.

“ఏంది సుబ్బయ్య మావా, చేను కొలుస్తన్నావా?” అని ఒకామె అడిగింది.

“కాయ చూస్తన్నా,” అన్నాడు నాన్న, ఆగకుండానే.

ఎండెక్కింది. ఆడవాళ్లు చెట్టు కింద కూర్చుని తెచ్చుకున్న సద్ది తిన్నారు. నాన్న చొక్కా వీపుకు అంటుకుపోయింది. చాళ్లన్నీ అయ్యాక గట్ల మీద నడిచాడు. మోటారు షెడ్డు చుట్టూ తిరిగాడు. తుమ్మచెట్టు కింద నీడలో నిలబడి, అటూ ఇటూ తొక్కాడు. ఆకులు రాలి కుప్పపడిన చోట కాలితో చెదరగొట్టాడు. ఏ మూలా వదల్లేదు. నేను రోడ్డు మీదే నిలబడి చూస్తున్నాను. మొదట్లో ప్రతి అడుగుకీ కళ్లు మూసుకున్నాను. తర్వాత ఎప్పుడు మానేశానో తెలియదు.

ఆయన రోడ్డు దగ్గరికి వచ్చాడు. కాళ్లు మోకాళ్ల దాకా నల్లమట్టి. ఊపిరి నిలవడానికి కాసేపు పట్టింది. నా మొహంలోకి చూసి చెప్పాడు.

“అంతా తొక్కొచ్చా. ఏం లేవు రా.”

నేను చెప్పులు విప్పాను.